ఎద్దులు తిన్న విందు

మా వైపు చర్చీల్లో నన్ను ఎరిగినవాళ్లకు నా సాక్ష్యం కూడా తెలుసు. కంబదూరు చుట్టుపక్కల ఊళ్లలో చెప్పాను. కళ్యాణదుర్గంలో చెప్పాను. ఉరవకొండ దాకా పోయి కూడా చెప్పాను. క్షయ వచ్చి ఇంటి వెనక వసారాలో పడి ఉన్నప్పుడు కాలనీవాళ్లు నన్ను క్రిస్మస్ విందుకు పిలిచారనీ, నేను పోలేకపోతే అన్నం ఇంటికే తెచ్చారనీ, ఆ అన్నం నోట్లో పెట్టుకోగానే చచ్చిపోయిన నాలుకకు రుచి తిరిగొచ్చిందనీ, ఆనాటి నుంచే బాగుపడ్డాననీ చెబుతుంటే వినేవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు.

అందులో జబ్బు నిజం. పిలుపు నిజం. అన్నం తేవడం నిజం. నేను తినడం అబద్ధం.

ఆ అబద్ధాన్ని నమ్మి ఒక మనిషి మాత్రలు మానుకున్నాడు. అతని ప్రాణం మీదికి వచ్చింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఈ జబ్బుతో ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు చదివితే మేలు. దేవుడు మనిషిని పిలవడం అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్లు చదివినా మేలే. నేను పలికిన తీరులో నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ఆయన పిలిచిన తీరు తలచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ నోట మాట రాదు.

తొంభై తొమ్మిది, వేసవి

ఉగాది దాటాక సాయంత్రం పూట జ్వరం మొదలైంది. పెద్ద జ్వరం కాదు. పొద్దు వాలేసరికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి చెమటకు పంచె తడిసిపోయేది. దగ్గు ఉండేది. మా ప్రాంతంలో వేసవి గాలి అంటేనే దుమ్ము కాబట్టి దగ్గును పట్టించుకోలేదు. ఊరి ఆర్ఎంపీ డాక్టరు సూదులు వేశాడు. రెండు రోజులు తగ్గి మళ్లీ వచ్చేది.

ఒకరోజు చేలో గుంటక తోలుతుంటే దగ్గు తెర వచ్చింది. ఉమ్మితే ఎర్రగా పడింది. మా చేలో మన్ను ఎర్రదే. అందుకని మొదట నమ్మలేదు. కాలితో మన్ను తోసి మళ్లీ ఉమ్మి చూశాను. ఎద్దులు ఆగి నావైపు చూస్తూ నిలబడ్డాయి. అప్పటికి నాకు నలభై నిండలేదు. వానను నమ్ముకుని వేరుశనగ వేసే చేను, ఒక జత ఎద్దులు, ఇద్దరు పిల్లలు, ఒకే గోడకు అటు తమ్ముడు నారాయణ ఇల్లు, ఇటు నా ఇల్లు. ఆ గుంటక మీద చెయ్యి ఆనించి నిలబడినప్పుడు ఇవన్నీ ఒక్కసారిగా చాలా దూరంగా పోయినట్టు అనిపించింది.

నా భార్య ఈశ్వరమ్మా నేనూ మొదటి బస్సుకు అనంతపురం పోయాం. ఆసుపత్రి వరండాలో కఫం పరీక్షకు వచ్చినవాళ్లంతా తువ్వాళ్లు నోటికి అడ్డం పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ఒకరి దగ్గు ఆగితే ఇంకొకరిది మొదలయ్యేది. నాకు చోటు లేకపోతే ధర్మవరం నుంచి వచ్చిన మగ్గం నేసే ఆయన ఒకరు ఒదిగి కూర్చుని జాగా ఇచ్చాడు.

"కూచోప్పా. ఈ బెంచీ మీద కూచునేటోళ్లంతా సుట్టాలే. అందరం ఒకే మాత్రలు తింటాం" అన్నాడు.

నేను నవ్వలేదు. ఆయన నా మొహం చూసి గొంతు తగ్గించాడు.

"నయమైతాది, భయపడాకు. ఒక్కటి మాత్రం ఇను. కొన్ని నెల్లు తిన్నాక బాగైపోయినట్టు ఉంటాది. ఆ మాట నమ్మొద్దు. నేను నమ్మి మానేసినా. మళ్లా ఈడికే వచ్చినా."

డాక్టరు కూడా అదే చెప్పింది. మానకుండా తింటే నయమవుతుంది, మానితే మాకు పూచీ లేదు అంది. నేను ఆమె మాటకూ తలాడించాను, మగ్గం ఆయన మాటకూ తలాడించాను. తిరుగు బస్సులో ఈశ్వరమ్మ కిటికీ పక్కన కూర్చుని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. దుమ్ముకు పెట్టుకున్నట్టు పెట్టుకుంది. నేనూ దుమ్ముకే అనుకున్నట్టు ఊరుకున్నాను.

అదే ఏడు, వానాకాలం

పిల్లల్ని వాళ్ల అవ్వగారింటికి పంపేశాం. నా మంచం వెనక వసారాలోకి, ఎద్దుల కొట్టం పక్కకి మారింది. ఆ సాయంత్రం ఈశ్వరమ్మ సంగటి తెచ్చి నేల మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది. అది సత్తు పళ్లెం, మా మాటలో తట్ట. దాన్ని నేను గుర్తుపట్టాను.

మా చేలో కలుపుకు కాలనీ నుంచి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లకని బయటి గోడ గూట్లో నాలుగు సత్తు తట్టలు, గ్లాసులు వేరుగా ఉండేవి. మా ఇంటివాళ్లు సంగటి ముద్దను చెయ్యి తగలకుండా పైనుంచి వాటిలో వేసేవాళ్లు. తిన్నాక వాళ్లే కడిగి గూట్లో పెట్టి పోయేవాళ్లు. నాయన కాలం నుంచీ అంతే.

"ఏమనుకోవద్దయ్యా" అంది ఈశ్వరమ్మ. "ఇంట్లో గిన్నెల్లో కలవకూడదంట. మీ తమ్ముడు సెప్పినాడు. సేతికి ఇదే దొరికింది."

ఆ పూట నాకు ఏడుపొచ్చింది. ఇది కూడా దాచకుండా రాయాలి, ఆ ఏడుపు నా కోసమే. ఇన్నేళ్లూ ఆ తట్టలో తిన్నవాళ్లు నాకు గుర్తుకు రాలేదు.

నారాయణ రోజూ గోడ అవతల నిలబడి "ఎట్లుండావున్నా?" అని అడిగేవాడు. నేను నోరు తెరిచేలోపల అడుగుల చప్పుడు దూరమయ్యేది. వాడిది చెడ్డ గుండె కాదు. వాడికీ చిన్నపిల్లలున్నారు. మా ఇంట్లో అందరినీ కమ్ముకున్నది భయం. దానికి మేం జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాం.

నాలుగు చినుకులు పడి వేరుశనగ మొలిచాక సుంకమ్మ వచ్చింది. కలుపు ఆడవాళ్లకు ఆమె పెద్ద. నాకంటే పదేళ్లు పెద్దది. కాలనీలో రేకుల చర్చి లేచినప్పుడు మొదట చేరినవాళ్లలో ఒకతె. ఎప్పుడు కలుపుకు రావాలో అడగడానికి పెరటి వైపు వచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

"ఏం సామీ, ఇట్లా సిక్కిపోయినావు? పురుగు తినిన శెనక్కాయ మాదిరి అయినావే."

"టీబీ సుంకమ్మా. దూరంగా ఉండు."

"మీ ఇంట్లో నేనెప్పుడు దగ్గరికొచ్చినాన్లే సామీ" అంది.

కోపంతో అనలేదు. నవ్వుతూ అంది. అక్కడే నేల మీద కూర్చుని, ప్రార్థన చేస్తానంది. చెయ్యమన్నాను. కళ్లు మూసుకుని, ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడినట్టు దేవునితో మాట్లాడింది. లేచి కొంగు దులుపుకుంటూ, "ఆదివారం గుడికి రా సామీ. దేవుడు పిలుస్తాండాడు" అంది.

"ముందు నయం చెయ్యమను మీ దేవున్ని. వచ్చేది తర్వాత సూద్దాం."

"నువ్వే అడుగు. ఆయప్పకు నా మాటే ఇనబడతాదా, నీ మాట ఇనబడదా?"

నేను అడగలేదు. నాకు కావలసింది నయం కావడం. పిలిచినచోటికి పోవాలంటే మా వీధి దాటి, రచ్చబండ దాటి, అందరూ చూస్తుండగా కాలనీలోకి నడవాలి. నా గడప దగ్గరికే తెచ్చిస్తే దేవుడైనా సరే తీసుకుందామని ఉండింది.

డిసెంబరు

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. పెళ్లికైనా ఊరి దేవర పండగకైనా భోజనానికి రెండుసార్లు పిలుస్తారు. ముందుగా వచ్చి ఫలానా రోజు మా ఇంట్లో భోజనం అని చెప్పిపోతారు. ఆ రోజు అన్నం ఉడికాక మళ్లీ ఒక మనిషి ఇల్లిల్లూ తిరిగి, ఆకులు వేశాం రమ్మని పిలుస్తాడు. మొదటి పిలుపుతోనే లేచిపోయేవాణ్ణి తిండికి మొహం వాచినవాడంటారు. మొదటి పిలుపుకు వస్తామని చెప్పి, రెండో పిలుపుకు రాకపోతే మాత్రం అది ఆ ఇంటికి అవమానం. వండి పెట్టుకుని, అన్నం కుండ ముందు కూర్చున్న ఇంటికి.

అప్పటికి నేను మాత్రలు తిని బాగా కోలుకున్నాను. జ్వరం పోయింది. చేలోకి పోయి వస్తున్నాను. మాత్రలు తింటే కడుపులో తిప్పేది, నోరంతా చేదు. మెల్లగా మానేశాను. ఈశ్వరమ్మకు తెలియకుండా తెచ్చినవి తెచ్చినట్టే కొట్టం చూరులో దోపాను. ధర్మవరం ఆయన మాట గుర్తుంది. ఆయన సంగతి వేరు, నా సంగతి వేరు అనుకున్నాను.

క్రిస్మస్‌కు కొన్ని రోజుల ముందు సుంకమ్మ, పాస్టరయ్య కలిసి వచ్చారు. పాస్టరయ్య కళ్యాణదుర్గం వైపు మనిషి, సైకిలు మీద ఊరూరూ తిరిగేవాడు. చర్చిలో ప్రేమవిందు పెడుతున్నాం, మీరు రావాలి అన్నాడు. వాళ్లు నా కోసం చేసిన ప్రార్థనలు గుర్తొచ్చి, కాదనడానికి నోరు రాక, వస్తానన్నాను.

పండగ రోజు మధ్యాహ్నం సుంకమ్మ ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె పెట్టుకుని మా పెరటి గేటు అవతల నిలబడింది.

"అన్నం ఉడికింది సామీ. ఆకులేసినాం. రా."

"ఎద్దు మేత ముట్టలేదు సుంకమ్మా. దాన్ని ఇడిసిపెట్టి యాడికీ వచ్చేటట్లు లేదు."

ఆమె కొట్టం వైపు చూసింది. ఎద్దు బాగానే నెమరేస్తూ ఉంది. వెళ్లిపోయింది. పొద్దు బాగా వాలాక మళ్లీ వచ్చింది, చేతిలో క్యారియరుతో.

"నువ్వు రాలేకపోతివని తెచ్చినా. అన్నం, పప్పు, బెల్లమేసిన పాయసం. కూర కలపలేదు సామీ, మీకు పడతాదో లేదో అని." క్యారియరు గోడ మీద పెట్టి, "గిన్నెలు రేపు తీసుకపోతాలే" అని పోయింది.

ఈశ్వరమ్మ దాన్ని చూస్తూ నిలబడి, ఏం చేద్దామని అడిగింది.

"కుడితి తొట్టిలో పొయ్యి" అన్నాను.

ఆ ఏడు మాకే కాయలు సరిగా ఊరలేదు. చేను లేని కాలనీవాళ్లకు బియ్యం, బెల్లం ఎట్లా వచ్చాయో నేను ఆలోచించలేదు. మేత ముట్టలేదని నేను చెప్పిన ఎద్దు, దాని జత ఎద్దూ తొట్టిలో మూతులు పెట్టి ఆ విందంతా తాగేశాయి. ఇంట్లో ఎవరూ పక్కన కూర్చుని తినని మనిషిని నేను. అట్లాంటి నన్ను పిలిచి, రాకపోతే ఇంటికి తెచ్చి పెడితే నేను చేసిన పని అది.

రెండు వేలు, వేసవి

ఈసారి జబ్బు నెమ్మదిగా రాలేదు. నెత్తురు దోసిలి నిండా పడింది. అనంతపురం ఆసుపత్రిలో మంచం మీద పడుకోబెట్టారు. మాత్రలు మానితే పాత మందు పనిచేయకపోవచ్చనీ, ఇక సూదులు కూడా తప్పవనీ చెప్పారు. ఒళ్లు ఎంత తేలికైందంటే, నన్ను మంచం మీంచి దించాల్సి వస్తే ఒక్క మనిషి చాలు. ఇంటి దగ్గర మేత లేక ఎద్దుల్ని సంతకు తోలారు.

కొట్టం ఖాళీ చేస్తుంటే ఈశ్వరమ్మకు చూరులో మాత్రలు దొరికాయి. వాటిని కొంగులో మూట కట్టి తెచ్చి నా దుప్పటి మీద గుమ్మరించింది.

"ఇవి ఎవరికి దాసిపెట్టినావయ్యా? నాకా, నా పిల్లోళ్లకా?"

పక్క మంచాలవాళ్లు మొహం తిప్పుకున్నారు. ఆమె ఒక్కొక్క మాత్రనూ ఏరి మళ్లీ కొంగులో వేసుకుని, వరండాలోకి పోయి చాలాసేపు రాలేదు. వచ్చాక నా నోరు తుడిచింది. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

నారాయణ ఒక్కసారి వచ్చి వార్డు గుమ్మం దగ్గరే నిలబడి పోయాడు. చుట్టాలు ఎవరూ రాలేదు. ఆ ఎండల్లో ఒక మధ్యాహ్నం కళ్లు తెరిస్తే సుంకమ్మ కనిపించింది. మంచాల మధ్య నా మొహం వెతుక్కుంటూ వస్తోంది.

"సేతులూపుకుంటా వచ్చినా సామీ. ఏమన్నా తెచ్చినా నీకు పనికిరాదు గదా" అంది.

ఆ మాటలో ఏదో గుచ్చుకుంది. కాలనీ తిండి మేం తినమని అంటోంది అనుకున్నాను.

కింద కూర్చోబోతే నర్సు కేకలేసింది, దోవలో కూర్చోవద్దని. సుంకమ్మ ఒక క్షణం నావైపు చూసి, నా మంచం అంచున కూర్చుంది. జబ్బు వచ్చినప్పటి నుంచి నా పక్కన అంత దగ్గరగా ఎవరూ కూర్చోలేదు. ఆమె దేవుని మాట ఎత్తలేదు. వాన జాడ లేదనీ, కూలి పనులు లేక సగం కాలనీ బెంగళూరు పోయిందనీ చెప్పింది. చెబుతూ చెబుతూ, బస్సులో నిలబడి వచ్చిన అలసటకు, మంచం కడ్డీకి తల ఆనించి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నేను వదిలే గాలే ఆమె పీలుస్తోంది.

అప్పుడు నాకు భయం వేసింది. చావు భయం కాదు. అప్పటికి అది పాతబడింది. ఎండ కిటికీలోంచి ఆమె పాదాల మీద పడుతోంది, మడమలు పగిలి ఎర్రమన్ను ఇరుక్కుని ఉంది. ఈ పాదాలు నా గేటు దాకా రెండుసార్లు పిలుపుగా వచ్చాయి, ఒకసారి అన్నంతో వచ్చాయి, ఇప్పుడు బస్సులు మారి ఇక్కడి దాకా వచ్చాయి. వీటి వెనక ఎవరో ఉన్నారు. ఆ ఎవరో నన్ను వదిలిపెట్టేటట్టు లేరు. పెద్ద వాన ముందు గాలి ఆగిపోయినప్పుడు చేలో ఒంటరిగా నిలబడ్డవాడికి ఎట్లా ఉంటుందో అట్లా ఉండింది నాకు. నయం చెయ్యమని అడగాలని కూడా తోచలేదు. "ఈడనే ఉండాను" అన్నాను పెదాలతో. నా జీవితంలో మొదటి ప్రార్థన అది. దానికంటే పెద్దది తర్వాత కూడా చేయలేదనిపిస్తుంది.

మళ్లీ డిసెంబరు

ఈసారి ఒక్క మాత్ర వదల్లేదు. నీ వల్ల ఇంక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పి ఇంటికి పంపింది. సుంకమ్మ ముందుగా వచ్చి పిలిచింది. పండగ రోజు మధ్యాహ్నం మళ్లీ వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"అన్నం ఉడికింది. రా."

చొక్కా వేసుకుని బయటికి వస్తే నారాయణ అడ్డం నిలబడ్డాడు.

"యాడికిన్నా? ఆడికి పోయి తిని వచ్చినావంటే మా గడప తొక్కొద్దు. సెప్తాండా."

"నీ గడప తొక్కి యాడాదిన్నర అయింది కదరా" అన్నాను. దెప్పాలని కాదు, నిజంగానే లెక్క గుర్తొచ్చి అన్నాను. వాడు తల దించుకుని పక్కకు జరిగాడు.

మా వీధి నుంచి కాలనీకి దూరం ఎక్కువేమీ లేదు. ఆ రోజు రచ్చబండ వైపు చూడకుండా నడిచాను. చర్చి ముందు పందిట్లో వరసలుగా విస్తర్లు వేసి ఉన్నాయి. జనం కూర్చుని ఉన్నారు, అన్నం మాత్రం వడ్డించలేదు. మా చేలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే ముసలాయన ఒకరు జరిగి చోటిచ్చి, "ఇట్ల కూచోప్పా" అని మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నాడు. నా జబ్బు సంగతి అందరికీ తెలుసు. ఎవరూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు.

వడ్డనకు ముందు పాస్టరయ్య యేసుప్రభువు చెప్పిన విందు కథ చెప్పాడు.

"ఒకాయప్ప పెద్ద విందు సేసినాడు. ముందుగా పిలిచినాడు. అంతా తయారైనంక మళ్లా మనిషిని పంపినాడు, రాండి అని. మనోళ్ల మాదిరే. అప్పుడు మొదలుబెట్టినారు సాకులు. ఒకడు సేను కొన్నా, సూసుకోవాలన్నాడు. ఒకడు ఎద్దుల్ని కొన్నా, వాటిని సూసుకోవాలన్నాడు..."

ఎద్దులు అన్న మాట దగ్గర, విస్తరి తుడుస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. అతనికి నా సంగతి తెలిసి చెప్పాడేమో అనుకున్నాను. అతను మామూలుగా చెప్పుకుపోతున్నాడు. పిలిచినవాళ్లు రాకపోతే ఆ ఇంటాయన వీధుల్లోకి మనిషిని పంపి కుంటివాళ్లను, రోగిష్టివాళ్లను, దిక్కులేనివాళ్లను తోడుకొచ్చి కూర్చోబెట్టాడట. ఇంకా చోటుంది, ఇల్లు నిండాలి, మళ్లీ పోయి పిలువు అన్నాడట.

చాలామంది ఆ కథలో తామెవరో వెతుక్కుంటారు. నాకు రెండు చోట్లా నేనే కనిపించాను. ఎద్దుల పేరు చెప్పి రానన్నవాణ్ణీ నేనే. తర్వాత వీధిలోంచి ఏరి తెచ్చిన రోగిష్టినీ నేనే. మొదటివాడికి ఆ విందులో ఒక్క మెతుకు కూడా రాదని కథలో ఉంది. మరి నా విస్తట్లో అన్నం పడుతోంది. పొగలు వస్తున్నాయి. ఇది ఎట్లా జరిగిందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. తల ఎత్తి చూడ్డానికి కూడా ధైర్యం లేక, విస్తరి వైపే చూస్తూ తిన్నాను.

సగంలో ఉండగా పందిరి అంచున ఈశ్వరమ్మ నిలబడింది. "మాత్ర ఏసుకోకుండా వచ్చినావు" అంది, అందరికీ వినబడేటట్టు. సుంకమ్మ నవ్వి ఆమె రెక్క పట్టుకుని తెచ్చి ఆడవాళ్ల వరసలో కూర్చోబెట్టింది.

ఆ తర్వాత

మరుసటి ఏడు నేను బాప్తిస్మం తీసుకున్నాను. ఒక కూటంలో సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. మొదటి క్రిస్మస్ దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ముందు వరసలో సుంకమ్మ కూర్చుని ఉంది. ఆమె మొహం చూస్తూ కుడితి తొట్టి మాట ఎట్లా చెప్పను? "ఆమె తెచ్చిన అన్నం తిన్నాను" అనేశాను. అందరూ స్తోత్రం అన్నారు. రెండోసారి చెప్పినప్పుడు నాలుకకు రుచి రావడం వచ్చి చేరింది. మూడోసారికి, ఆనాటి నుంచే బాగుపడ్డానన్నది చేరింది. మాత్రల మాట జారిపోయింది. చూరులో దాచిన మాత్రల గురించి చెబితే ఎవరు ఏడుస్తారు? అట్లా కొన్నేళ్లు చెప్పాను. నేను దేవుణ్ణి వెతికి పట్టుకున్నట్టు, పిలవగానే పలికినట్టు చెప్పాను. ప్రతిసారీ సుంకమ్మ తల దించుకుని వినేది. గర్వాన్ని దాచుకుంటోందనుకున్నాను.

ఒక వేసవిలో సుంకమ్మ నాకోసం మనిషిని పంపింది. పోయి చూస్తే ఆమె ఇంటి ముందు రేకుల నీడలో ఉరవకొండ దగ్గరి నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు కూర్చుని ఉన్నారు. అతని పేరు మల్లికార్జున. ముప్పై ఏళ్లుంటాయి. దవడలు లోపలికి పోయి ఉన్నాయి. తువ్వాలు మీద మచ్చలు చూడగానే నాకు తెలిసిపోయింది.

"నువ్వు మా ఊళ్లో సెప్పిన మాట ఇన్నాం అన్నా" అంది అతని భార్య. "ఆ అన్నమే ఈయమ్మ సేతుల మీద ఒక పిడికెడు పెట్టిస్తే సాలు. అందుకే వచ్చినాం."

"మాత్రలు?"

"మానినాడన్నా. మాత్రలు తింటే నమ్మకం లేనట్లు అయితాదని ఈయప్పే మానినాడు. నువ్వు మాత్రల మాటే ఎత్తలేదు గదా."

అతను నావైపు చూశాడు. ఆ చూపులో ఉన్న నమ్మకం చూసి, వార్డులో రాని చెమట నాకు అప్పుడు పట్టింది. సుంకమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఆమె ముందు చెప్పడానికి కొన్నేళ్లుగా భయపడుతున్న మాట అది. చెప్పకపోతే ఈ మనిషి చస్తాడు.

"నేను తిన్లేదప్పా" అన్నాను.

"ఏమంటాండావన్నా?" అంది అతని భార్య.

"ఆ అన్నం నేను తిన్లేదు. కుడితి తొట్టిలో పోయించినా. ఎద్దులు తాగినాయి. అప్పటికే నేను మాత్రలు మానేసింటి. దానికే సావుదాకా పోయినా. మళ్లా మాత్రలు తింటేనే లేసినా. కూటాల్లో సెప్పింది అబద్ధం."

ఆ పిల్ల మొగుడి వైపు చూసి, నన్ను అడిగింది: "అయితే దేవుడు బాగుచెయ్యలేదా అన్నా?"

"సేసినాడమ్మా. ధర్మవరం మనిషి నోట సెప్పించినాడు, డాక్టరమ్మ నోట సెప్పించినాడు, మాత్రలు సేతిలో పెట్టినాడు. నేను అవీ తోసేసినా. ఆయప్ప పిలిచేది గుళ్లో నుంచి మాత్రమే అనుకుంటి."

మల్లికార్జున దగ్గడం మొదలుపెట్టాడు. అతని భార్య వీపు నిమిరింది. నేను సుంకమ్మ వైపు తిరిగాను. కాళ్లు పట్టుకోవాలనిపించింది, చేతులు కదల్లేదు.

"సుంకమ్మక్కా..." అన్నాను. ఆమెను అక్కా అని పిలవడం అదే మొదలు.

"నాకు తెలుసులేప్పా" అంది.

"ఏం తెలుసు?"

"మర్నాడే తెలుసు. క్యారియరు కింది గిన్నెలో తవుడు అంటుకోని ఉణ్ణింది. మనుషులు తినే అన్నంలోకి తవుడు యాడనుంచి వస్తాది?" అని కొంగు సర్దుకుంది. "ఇంటికి పోయి ఏడ్సినా. ఆ గిన్నెలు బూడిదేసి తోమినా, తోమినా. మా ఇంట్లో ఎవురికీ సెప్పలేదు. నువ్వు కూటాల్లో తిన్నా తిన్నా అంటాంటే నాకు తలకాయ ఎత్తబుద్ధి అయ్యేది కాదు."

ఆమె వార్డులో చేతులూపుకుంటూ ఎందుకు వచ్చిందో, ఏమన్నా తెచ్చినా నీకు పనికిరాదని ఎందుకు అందో నాకు అప్పుడు తెలిసింది. అదంతా తెలిసే ఆమె నా మంచం మీద కూర్చుంది. అదంతా తెలిసే మరుసటి ఏడు మళ్లీ వచ్చి నా గేటు దగ్గర నిలబడి రమ్మంది. పిలిచి అవమానపడిన గేటు దగ్గరికే.

"తెలిసి మళ్లా ఎందుకు పిలిచినావు?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది.

"పిలవమన్నాడు, పిలిచినా. పోయిన తూరి ఏం సేసినాడో సూసి పిలవమన్లేదు గదప్పా."

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్ల వాక్యం నా చెవుల్లోకి పోయింది గాని, దేవుడు మనిషిని ఎట్లా పిలుస్తాడో ఆ ఒక్క మాటతో నా ఒంట్లోకి దిగింది. నేను ఏం చేశానో తెలిసి పిలిచాడు. నేను అబద్ధం చెబుతున్నప్పుడూ పిలుస్తూనే ఉన్నాడు. ఈ రేకుల నీడలో, ఈ మనిషి దగ్గులోంచి కూడా పిలుస్తున్నాడు.

"వాళ్లు పొద్దున్నించి ఏమీ తిన్లేదు" అంది సుంకమ్మ లేస్తూ. "ఇది మందు గాదు పాపా, ఉత్త అన్నమే. కడుపుకు తినండి. అయినంక ఎర్రిసామి మీతో అనంతపురానికి వస్తాడు, ఆసుపత్రికి."

నన్ను అడగకుండానే చెప్పింది. అప్పటిదాకా ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు.

ఆ మధ్యాహ్నం బస్సులో మల్లికార్జున నా భుజం మీద తల పెట్టుకుని దగ్గుతూ కూర్చున్నాడు. నేను మొహం తిప్పుకోలేదు.